మున్నేటి వరదలో దొరకిన కుక్కపిల్ల



కుక్కను గూర్చి ప్రసంగ మేమిటి, పెద్దలకు చెప్పదగిన విషయములు లోకమున నింక లేవా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేనును ఏబదియారేండ్లు ఆ మాటయే యనుచుంటిని. మా యింటి గడప లోపలికి కుక్క రాకూడదని మా తండ్రిగారు పెట్టిన కట్టడిని ఆయన పోయిన తరువాతగూడ నేను తప్పలేదు. అట్టి నేను డెబ్బదియవ యేట, జాతియు గోత్రమును తెలియని యొక కుక్కపిల్లను, నలుగురు కుఱ్ఱవాండ్రు అడిగిన ప్రశ్నలకెల్ల సమాధానము చెప్పి, కాగితముమీద సంతకము చేసి ఇంటికి తెచ్చుకొంటిని. ఎందుకు తెచ్చుకొంటినో, పిమ్మట నేమి జరిగెనో ఈ పూట మనవి చేసెదను.

మా యూరు జగ్గయ్యపేటకును నందిగామకును నడుమ, మున్నేటి దాపున నున్నది. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు మేము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరితిమి గాని, మావంటి వృద్ధుల నోట నిప్పటికిని కృష్ణాజిల్లాయే. మాది మెరక. పత్తి, మిరప, కంది మా పంటలు. గట్లవెంట గొఱ్ఱెలు, మేకలు. ఇట్టి చోట దొడ్డికి కాపుగా నొక కుక్క, మంద వెంట నొక కుక్క, కళ్ళములో రాశి దగ్గర నొక కుక్క ఉండుట తాతలనాటి మాట. మా యింట మాత్రము లేదు. దానికి కారణము ముందుగా చెప్పవలెను.

1968లో నాకు పదునాలుగేండ్లు, మా తమ్మునికి తొమ్మిదేండ్లు. వాడు వీథిలోనుండి యొక కుక్కపిల్లను తెచ్చి, గడ్డివామి చాటున దాచి, తన పెరుగన్నములో సగము దానికి పెట్టుచుండెను. కొన్నాళ్ళకు ఇంటిలో తెలిసినది. "అది ఎవరినైనా కరిచిందంటే ఆరోజే తీసుకుపోయి ఏటి అవతల వదిలేసి వస్తాను" అని మా తండ్రిగారు చెప్పిరి. ఆయన కఠినుడు కాడు. ఏ తండ్రియైన ననెడి మాటయే అది. ఒకనాడు ఆ పిల్ల తమ్ముని బొటనవ్రేలిని కఱచినది. దానిని వదలివచ్చెదరను భయముచే వాడు ఎవరికిని చెప్పలేదు. వ్రేలికి పసుపు అద్ది, గుడ్డపేలిక చుట్టుకొని, కత్తిపీట తెగినదని మా అమ్మతో ననెను. నాలుగైదు దినములకు ఆ పిల్ల తిండి మాని, దవడ వ్రేలవైచి, చొంగ కార్చుచు చచ్చిపోయినది. అప్పుడు తమ్ముడు నా కొక్కనికి నిజము చెప్పి, ఎవరికిని చెప్పవద్దని ఒట్టు పెట్టించుకొనెను. నేను ఒట్టు నిలుపుకొంటిని.

ఆఱు వారములు గడచినవి. వానికి జ్వరము వచ్చెను. వ్రేలు తిమ్మిరెక్కుచున్నదని చెప్పుచుండెను. రెండవ దినమున చెంబుతో మంచినీళ్ళిచ్చినచో గొంతు పట్టుకొని వెనుకకు విఱుచుకొని పడెను. గాలి విసరినను వణకిపోవుచుండెను. అప్పుడు నేను నిజము చెప్పితిని. బండి కట్టి పట్నమునకు తీసికొనిపోయినాము. వైద్యుడు తలయూపి, ఇక చేయగలిగిన దేమియు లేదనెను. నాలుగవనాడు వాడు పోయెను. మా తండ్రిగారు నన్నొక్క మాటయు ననలేదు. అనియున్నచో బాగుండెడిది.

మందు లేకపోలేదు. ఫ్రాన్సు దేశమున పాశ్చరు మహాశయుడు 1885 జూలై 6వ తేదీన జోసెఫ్ మైస్టర్ అను బాలునికి పిచ్చికుక్క కాటుకు మొట్టమొదటి టీకా వేసి బ్రతికించెను. ఆ బాలునికిని తొమ్మిదేండ్లే. మన దేశమున ఆ దినములలో గొఱ్ఱె మెదడునుండి తీసిన మందును బొడ్డుచుట్టు పదునాలుగు సూదులుగా పొడిచెడివారు. ఆ సూదుల పేరు చెప్పిన పిల్లలు పారిపోయెడివారు, పెద్దలును జంకెడివారు. ఆ మందును మన దేశమున 2004తో మానివేసిరి. ఇప్పుడు జబ్బకు వేయు చిన్న సూదులు నాలుగైదు చాలును. కాని నాటి మందైనను సకాలమున పడియున్నచో మా తమ్ముడు నేడు తాత యయ్యెడివాడే. వ్యాధి బయటపడక ముందు టీకా పనిచేయును. బయటపడిన పిమ్మట నేటికిని దానికి నమ్మదగిన చికిత్స లేదు.

ఇక వరద మాట. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వాన మీకందరకు జ్ఞాపకమున్నది. బుడమేరు విజయవాడను ముంచినది. ఇక్కడ మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరము కడ హైదరాబాదు రహదారిమీదికి వచ్చినది. అంతకుముందటి సంవత్సరము జూలైలోగూడ అచ్చటనే రహదారి మునిగి బండ్లు నిలిచిపోయినవి. నీరు తీసిన తరువాత నందిగామలోని కొందరు యువకులు, కట్టమీద నొక తూముగొట్టములో ముడుచుకొనియున్న అయిదు కుక్కపిల్లలను తెచ్చి, ఒకరి పెరటిలో సాకుచుండిరి. తల్లి కనబడలేదు. ఈ కబురు మా మనుమరాలు బడిలో విని వచ్చినది. ఆమెకు పదేండ్లు.

"తాతయ్యా, ఒక్కటి తెచ్చుకుందాం" అని యడిగెను. కూడదంటిని. ఎందుకని యడిగెను. అంతవఱకు ఆ బిడ్డకు, నా కొక తమ్ముడుండెనని యైనను ఇంటిలో నెవరును చెప్పియుండలేదు. ఆ రాత్రి మంచముమీద కూర్చుండబెట్టుకొని మొదటినుండి చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, "కుక్కపిల్లను వదిలేస్తానని ముత్తాతగారు అనకపోతే, చిన్నతాత చెప్పేవాడా?" అని యడిగెను.

తొమ్మిదేండ్ల బాలుని ఆమె చిన్నతాత యనినది. నాకు జవాబు తోచలేదు. తెల్లవారినది. నందిగామ పోదమంటిని.

ఆ యువకులు మమ్ము కూర్చుండబెట్టి పరీక్ష చేసిరి. ఇంటిలో నెందఱున్నారు? పిల్లను గొలుసుతో కట్టివేయుదురా, వదలుదురా? పొలమునకు మందు కొట్టునప్పుడు డబ్బాల నెచ్చట దాచుదురు? ఊరికి పోయినచో నెవరు చూతురు? టీకాలు వేయింతురా? ఎదిగిన తరువాత పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయింతురా? పెద్దదైన పిమ్మట ముద్దు తీరినదని రోడ్డుమీద వదలుదురా? మా అమ్మాయిని ఇచ్చునప్పుడు నేను వియ్యాలవారిని ఇన్ని ప్రశ్నలు అడుగలేదు సుమా. అడుగవలసినదేమో! మొదట కోపము వచ్చిన మాట నిజము. తరువాత పురుగుమందు డబ్బాల ప్రశ్నకు మాత్రము నేను సిగ్గుపడితిని, ఏలయన అవి మా యింట వసారాలోనే యుండినవి. ఆ సాయంకాలమే వానిని కొట్టములోనికి మార్చి తాళము వేసితిని.

అయిదింటిలో రెండు అప్పటికే పార్వో యను రక్తవిరేచనముల జబ్బుతో పోయినవి. మిగిలిన మూడింటిలో రెండు మగవి. వానిని తీసికొనుటకు మనుషులు సిద్ధముగా నుండిరి. ఆడపిల్లను అడిగినవారు లేరు. మా మనుమరాలు దానినే యెత్తుకొనెను. మున్నేటిలో దొరకినది గనుక మున్ని యని పేరు పెట్టెను. చెవులు సగము నిలిచి సగము వ్రేలును. ముట్టె నలుపు, ఒడలు గోధుమవన్నె. తండ్రి ఎవరింటి అల్సేషియనో అయి యుండవచ్చునని అందఱు ననుకొనిరి.

దీనిని చూచి జగ్గయ్యపేటలోని మా బంధువొకరు ముక్కు విఱిచిరి. "సంకరజాతి కుక్కను తెచ్చుకుంటారా బావగారూ, పదివేలు పెడితే పేరున్న జాతిపిల్లను నేనే తెప్పించేవాణ్ణి గదా" అనిరి. ఆయన పండించునది సంకరపత్తి. ఆ మాటయే నేనంటిని. 1970లో గుజరాతున సూరతు క్షేత్రమున సి. టి. పటేల్ గారు హెచ్-4 అను సంకరపత్తిని తీసిన తరువాతనే గదా సంకరపు గింజలు దేశమంతట వ్యాపించినది. మన మెరకలో నేడు పత్తి వేయువాడు సంకరమని ముక్కు విఱుచునా? జాతి శుద్ధికి విలువ లేదనను. మన ఒంగోలు గిత్త బ్రెజిలు దేశమునకు పోయి, నెలోర్ అను పేరుతో అక్కడి మందలకు మూలమైనది. అచ్చట జాతిని కాపాడుట ఎండకు, బరువునకు, పనికి. కుక్కలలో చాల జాతులను మనుషులు చూపునకై తీర్చిరి. ముట్టె నొక్కిన పగ్గు జాతి కుక్కకు మన వేసవిలో ఊపిరి యాడదు. పొడవాటి నడుమును, పొట్టి కాళ్ళును గల జాతికి వెన్నుపూసలు జాఱును. కలగలుపు కుక్కకు ఇట్టి వంశపారంపర్యపు బాధలలో కొన్ని తక్కువ. అంతమాత్రమున దానికి రోగమే రాదనుకొనరాదు. పైని చెప్పిన పార్వోకు జాతిభేదము లేదు. గొఱ్ఱెల కాపరి కుక్క నెన్నుకొనునపుడు తాతముత్తాతల నడుగడు. మంద చుట్టు తిరుగునా, రాత్రి మెలకువగా నుండునా యని చూచును.

ఊరకుక్క యన్నచో మనకు చులకన. కాని మన భారతము కథ మొదలగునదే ఒక కుక్కపిల్లకు జరిగిన యన్యాయముతో. జనమేజయుని సత్రశాలకు ఆడుకొనుచు వచ్చిన సారమేయుని ఆయన తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. దాని తల్లి సరమ నిండుసభకు వచ్చి రాజును నిలదీసెను. పౌరాణికులు చెప్పునప్పుడు మనము దీనిని పీఠికగా విని దాటిపోవుదుము. మా జగ్గయ్యపేటకు సంబంధించిన మఱియొక కథను తలంపవచ్చును. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు తండ్రి జగ్గయ్యగారి పేర ఈ ఊరు కట్టించుటకు పూర్వము దీనిని బేతవోలనిరి. ఊరి దగ్గరి ధనబోడు గుట్టమీద బౌద్ధస్తూపము కలదు. బర్జెస్ దొర 1882 ప్రాంతమున దానిని త్రవ్వించెను. మాంధాత చక్రవర్తి శిల్పము నేడు చెన్నై చిత్రవస్తుశాలలో నున్నది. ఆ స్తూపము నర్చించిన బౌద్ధులు చెప్పుకొను జాతకకథలలో కుక్కుర జాతకమను నొకటి కలదు. వారణాసి రాజుగారి రథపు తోలుపట్టెడలు రాత్రి వానలో తడియగా, కోటలోని మేలుజాతి కుక్కలు వానిని కొఱికి తినినవి. ఊరకుక్కలు తూమువెంట లోపలికి దూఱి తినినవని సేవకులు చెప్పిరి. రాజు కనబడిన ప్రతి ఊరకుక్కను చంపుమనెను, తన కుక్కలను మాత్రము విడిచి. కుక్కగా పుట్టిన బోధిసత్త్వుడు సభకు వచ్చి, మీ కుక్కలకు దర్భ కలిపిన మజ్జిగ త్రాగించి చూడుడనెను. త్రాగించగా అవి తోలుముక్కలు కక్కినవి. నేరము విచారింపక శిక్షించుట ఎంత పాతదో చూడుడు.

ఇంటికి తెచ్చిన పిమ్మటి సంగతులు. ఆవుపాలు పోయుట మేలనుకొంటిమి. విరేచనములు పట్టుకొన్నవి. పశువైద్యుడు పాలు మాన్పించి, మెత్తని అన్నములో ఉడికిన గ్రుడ్డు, కొంచెము మాంసపు రసము పెట్టుమనెను. ఉల్లిపాయ కుక్కల రక్తమునకు చెఱుపట. మా యింట ఉల్లి లేని కూర యుండదు గనుక మిగిలిన కూరన్నము దానికి పెట్టుట మానితిమి. పిల్లలు తిను చాక్లెట్టు, ద్రాక్షపండ్లును కూడవు. కడుపులో పురుగులకు మూడవ నెల వఱకు పదునైదు దినముల కొకసారి మందు. పార్వో మొదలగువానికి టీకా ఆఱెనిమిది వారముల వయస్సున నారంభించి, మూడు నాలుగు వారముల కొకసారిగా నాలుగవ నెల వఱకు వేయవలెను. పిచ్చి రాకుండ టీకా మూడవ నెల నిండిన పిమ్మట. ఆ నడిమి దినములే నాకు భయము.

ఆ భయము ఊరక పోలేదు. పిల్లను తెచ్చినప్పుడే మనుమరాలిని ఎదుట నిలిపి నే నొక మాట ఇచ్చితిని. "ఇది నిన్ను కరిచినా, నన్ను కరిచినా, దీన్ని ఎక్కడికీ పంపను. కాని పంటిగాటు పడిన క్షణమే నాకు చెప్పాలి" అంటిని. చేతిలో చేయి వేసినది. మూడు వారములు తిరుగకమునుపే, పాత చెప్పును లాగుచు ఆడుచుండగా దాని పాలపన్ను ఆమె అరచేతిలో దిగినది. ఒక్క రక్తపు బొట్టు. నేను వసారాలో కండ్లద్దములు తుడుచుకొనుచుంటిని. ఆమె పరుగెత్తుకొని వచ్చి అరచేయి చాచి, "తాతయ్యా, ఇదిగో" అనెను.

ఆ చేయి పట్టుకొన్నప్పుడు నా చేయి ఎంత వణకెనో చెప్పలేను. బోరింగు దగ్గరకు తీసికొనిపోయి, మా కోడలు పంపు కొట్టుచుండగా, సబ్బుతో పదునైదు నిమిషములు గడియారము చూచి కడిగితిని. మా యింటిది పసుపు తెచ్చినది. వలదంటిని. పసుపు, సున్నము, కారము, ఆకుపసరు ఏదియు కాటుకు పూయరాదు. నీరును సబ్బును చేయు మేలు అవి చేయవు. ప్రభుత్వాసుపత్రిలో గాయము చుట్టు రక్షకద్రవము నొకటి పొడిచి, జబ్బకు మొదటి సూది వేసిరి. రక్తము వచ్చిన కాటుకు ఈ రెండును కావలెనట. పిమ్మట మూడవనాడు, ఏడవనాడు, ఇరువదియెనిమిదవనాడు. డబ్బు పుచ్చుకొనలేదు. పిల్లను చంపరాదు, పాఱద్రోలరాదు, పది దినములు కనిపెట్టి చూడుడని వైద్యుడు చెప్పెను. కఱచిన కుక్క పదిదినములు ఆరోగ్యముగా నున్నచో, కఱచునాటికి దాని యుమ్మిలో విషము లేనట్లే. దానిని చంపినచో ఆ సంగతి తెలియు మార్గము పోవును.

ఆ పది రాత్రులు నేను సరిగా నిద్రించలేదు. టార్చిదీపము పట్టుకొని లేచి పోయి, అది నీళ్ళు త్రాగుచున్నదా, దవడ సరిగా నున్నదా యని చూచుచుంటిని. ప్రతిసారియు అది నాతో ఆటకు వచ్చినదనుకొని తోక యాడించుచు, నా పంచె కొంగు పట్టుకొని లాగుచుండెను. పదునొకండవ తెల్లవారున అది పెరటిలో కోడిపెట్టను తఱుముచుండగా చూచి, నేను తులసికోట దగ్గర కూర్చుండి చాలసేపు లేవలేదు. మూడవ నెల నిండగానే దానికి టీకా వేయించితిమి. 2025 వేసవిలో గర్భాశయపు శస్త్రచికిత్సయు చేయించితిమి. ఆడకుక్క ఏడాదికి రెండుమార్లు ఎదకు రాగలదు. రెండు నెలలు మోసి, ఈతకు నాలుగు మొదలు ఎనిమిది పిల్లలను పెట్టును. తూములలో దొరకు పిల్లలు ఆ లెక్కలోనివే.

మీరు గ్రామములలో పెద్దలు గనుక ఈ మాట చెప్పుచున్నాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల బాలుని వీథికుక్కలు చంపినవి. ఆ తల్లిదండ్రుల ఎదుట జీవకారుణ్యము బోధించు ధైర్యము నాకు లేదు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగరు జిల్లా పొన్నకల్లులో రాత్రివేళ ఇరువది వీథికుక్కలను తుపాకితో కాల్చిచంపిరి. ఇందువలన కాట్లు తగ్గవు. చోటు ఖాళీయైనచో ప్రక్క ఊరి కుక్కలు, టీకా లేనివి, వచ్చి చేరును. చెన్నైలో 1959లో పుట్టిన బ్లూక్రాసువారు 1964 నుండి చెప్పుచున్న మార్గము వేఱు. కుక్కలను పట్టి, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, ఉన్నచోటనే విడువవలెను. 2001లోను, 2023లోను కేంద్రప్రభుత్వము చేసిన నియమములు దీనినే యనుసరించినవి. 2025 ఆగస్టు 22న సుప్రీముకోర్టు ఢిల్లీ వ్యాజ్యెమున, పిచ్చిపట్టినవియు క్రూరముగా మీదపడునవియు తప్ప మిగిలినవానిని టీకా వేసి విడువుమనుచు, కావలసినవారు పెంచుకొనుటకు తీసికొనవచ్చునని చెప్పెను. అదే సంవత్సరము నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయముల ఆవరణలనుండి వీథికుక్కలను తొలగింపుమని మఱియొక ఉత్తర్వు నిచ్చెను. హైదరాబాదు నగరపాలకులు 2025 ఆగస్టులో వీథికుక్కపిల్లలకు టీకాలు వేయించి, దత్తత మేళా పెట్టి ఉచితముగా నిచ్చిరి. మన పంచాయతీలలో అంత ఏర్పాటు లేకపోయినను, పశువుల ఆసుపత్రి మండలమున నొకటైన నుండును. సంక్రాంతి పందెములకు చందా లెత్తుటకు లేని మొగమాటము టీకాలకు చందా యడుగుటకు మనకెందుకో తెలియదు. మా యూరిలో కిందటి యేడు అడిగితిమి. కొందఱిచ్చిరి. కొందఱు, ముసలివానికి కుక్కపిచ్చి పట్టినదనిరి. ఊరిలో నున్న నలుబది కుక్కలలో ఇరువదియాఱింటికి వేయించితిమి. మిగిలినవి చేతికి చిక్కలేదు.

మున్ని ఇప్పుడు నా మోకాలెత్తున నున్నది. చెవులు నేటికిని ఒకటి నిలువు, ఒకటి వాలు. పత్తి తీయు కూలీలతో పొలము పోయి, వారి సద్దిమూటల దగ్గర కాపుండును. కఱచుట యెఱుగదు గాని, చీకటిలో క్రొత్త అడుగు వినబడినచో ఊరంతయు లేచునట్లు అఱచును. ఒక్కటి మాత్రము విచిత్రము. మా తండ్రిగారి కట్టడిని దానితో నెవరును చెప్పలేదు. అయినను అది గడప దాటి లోపలికి రాదు. రమ్మని నేనే పిలిచినను రాదు. గడపమీద గడ్డము ఆనించి, ముందుకాళ్ళు రెండును బయటనే పెట్టుకొని పరుండి, మనుమరాలు చదువుకొనుచుండగా చూచుచుండును. నేను ఈ ప్రసంగమునకై విజయవాడకు బయలుదేఱునప్పుడును అట్లే యుండినది.